బోడి పలక

వీరన్న తాగి బోటు ముంచాడు.

విశాఖ ఫిషింగ్ హార్బరులో దీని మీద రెండో మాట లేదు. ఉన్నా పోలిరాజు ఉండనివ్వడు. ఆ బోటుతో పాటు పోయిన కోటి, పోలిరాజుకి సొంత బావమరిది. తమ్ముడి మీద బెంగతో మంచం పట్టి పోలిరాజు పెళ్లాం సూర్యకాంతమ్మ కూడా పోయింది. ఆమెని చంపింది కూడా వీరన్నే అంటాడు పోలిరాజు.

సాక్ష్యం ఉంది. మునిగే ముందు వీరన్న వైర్‌లెస్‌లో అరిచిన అరుపు చుట్టుపక్కల బోట్లన్నీ విన్నాయి.

"బొమ్మ పోనాది... సుట్టూ తిరగతంది... ఆపొద్దంతంది!"

"తాగినోడికి కాక ఇంకెవుడికి తిరుగుద్ది?" అంటాడు పోలిరాజు.

వేట నిషేధం రోజులు. బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉన్నాయి. ఒక అమ్మాయి సంచీ తగిలించుకుని పోలిరాజు బోటు దగ్గరికి వచ్చింది. పేరు సాయిదుర్గ అంది. మధురవాడలో కంప్యూటర్ ఉద్యోగమట.

సంచీలోంచి ఒక ట్యాబ్ తీసింది. హార్బరులో దాన్ని పలక అంటారు. సముద్రం మీద దారి చూసుకోవడానికి బోటుకొకటి ఉంటుంది.

"ఇందల ఏటున్నాది?" అన్నాడు పోలిరాజు.

"ఏటీ నేదు మావయ్యా. అదే దీని గొప్ప. సినిమాల్లేవు, పాటల్లేవు. అక్కర్లేనివన్నీ పీకీసినాను. మ్యాపు, గాలి, ఇంటికొచ్చే దారి. అంతే."

"సింహాచలం తీసుకెళ్లి గుండు గీయించీసినావన్నమాట."

పక్క బోటు మీద వల అల్లుకుంటున్న ఎల్లాజీ పకపకా నవ్వాడు.

"బోడి పలక, బావా!"

ఆమె కూడా నవ్వింది.

"మరి అప్‌డేట్లని వత్తాయి కదా, అవెవుడెక్కిత్తాడు?" అన్నాడు పోలిరాజు.

"నానే. ఏటా నిషేధంలో వస్తాను. ముందు నా పలక మీద ఎక్కించి సూసుకుని, బాగుంటేనే మీ బోట్లకి ఎక్కిత్తాను. సంద్రం మీద ఉండగా ఇది తనంతట తాను ఏటీ మార్చుకోదు. ఆ దారే మూసీసినాను."

"మార్చుకుంటే ఏటవుద్ది?"

ఆమె నీళ్లకేసి చూసింది.

"అప్పుడు వైర్‌లెస్‌లో ఎంత మొత్తుకున్నా ఎవులూ నమ్మరు మావయ్యా."

పోలిరాజుకి చిర్రెత్తింది.

"దారి తప్పేది పలక వల్ల కాదు పిల్లా, సారా వల్ల. వీరన్నని ఒకడుండీవోడు, భీమిలి అవతలోడు. నా ఇంట దీపం ఆర్పీసిన తాగుబోతు. ఆడుంటే ఆడికిద్దువు నీ బోడి పలక!"

ఆమె పలక సంచీలో పెట్టి జిప్పు లాగింది. ఇరుక్కుంది. మళ్లీ లాగింది. బోటు దిగి ఎల్లాజీ బోటు ఎక్కింది.

ఆ పంతంతోనే పోలిరాజు షాపుకి వెళ్లి పెద్ద పలక కొన్నాడు. పాటలూ, రంగులూ, అన్నీ ఉన్నది.

నిషేధం ముగిసింది. జెట్టీ దగ్గర తాడు విప్పే వేళకి ఆ పలక ఏదో అడిగింది. అప్‌డేట్ వచ్చింది, ఇప్పుడా, తరవాతా అని. పోలిరాజు 'తరవాత' అన్నచోట నొక్కి వేటకి బయల్దేరాడు.

తిరిగొచ్చేటప్పుడు వాన పట్టుకుంది. పోర్టు బయట పెద్ద ఓడలు లంగరేసుకుని ఉండే చోటు. తెల్లారి చాలాసేపయినా బోటు ముందు భాగం కూడా కనిపించడం లేదు. పోలిరాజు పలక మీద దారి చూస్తూ చుక్కాని తిప్పుతున్నాడు.

పలక నల్లబడింది.

మ్యాప్ పోయింది. నల్లటి అద్దం మీద తెల్లటి సున్నా ఒకటి గిరగిరా తిరుగుతోంది. దాని కింద తెలుగులోనే రాసి ఉంది: అప్‌డేట్ అవుతోంది, ఆపవద్దు.

పోలిరాజు వైర్‌లెస్ అందుకుని అరిచాడు.

"ఎల్లాజీ! బొమ్మ పోనాది! సుట్టూ తిరగతంది... ఆపొద్దంతంది!"

అవతల నవ్వు వినిపించింది.

"పొద్దున్నే ఏసీసినావేటి బావా?"

పోలిరాజు వైర్‌లెస్ మళ్లీ నొక్కాడు.

వానలోంచి ఓడ ఒకటి ఎర్రటి గోడలా మీదికొచ్చింది. బోటులోని కలాసీలు కేకలు పెట్టారు. పోలిరాజు చుక్కాని పూర్తిగా తిప్పేశాడు. బోటు ఆ ఇనుముని రాసుకుంటూ పోయింది. పక్క చెక్కలు విరిగాయి. మనుషులు మిగిలారు.

ఆ కేకలు వైర్‌లెస్‌లో విని ఎల్లాజీ నవ్వడం మానేశాడు. బోడి పలక చూసుకుంటూ, హారన్ కొట్టుకుంటూ వచ్చి ముందు నడిచాడు. పోలిరాజు బోటు వెనకాలే ఒడ్డు చేరింది.

మళ్లీ నిషేధం వచ్చింది. పోలిరాజు రోజూ జెట్టీ మీద కూర్చున్నాడు. సంచీ తగిలించుకుని ఎవరూ రాలేదు.

"ఆ పిల్ల రానేదేటి?" అని చివరికి ఎల్లాజీని అడిగాడు.

"ఈ రేవుకి మరి రాదంట బావా. అప్‌డేట్లు పెన్‌డ్రైవులో ఎట్టి అంపీసినాది. ఫోనులో సెప్తాంటే నానే ఎక్కించుకున్నాను." ఎల్లాజీ తన బోటులోంచి ఒక పొట్లం తెచ్చాడు. "నీకూ ఒక పలక అంపినాది."

"నాకా? నానంత మాటన్నాను కదా."

"కోటి బాబాయి వాళ్ల బావకియ్యండి అన్నాది."

పోలిరాజు తలెత్తాడు.

"కోటి దానికెలగ తెలుసు?"

ఎల్లాజీ వల వైపు తిరిగాడు.

"ఆళ్ల నాన్న బోటు మీదే కదా బావా, కోటి ఏటకెళ్లీవోడు."

పోలిరాజు పొట్లం విప్పలేదు. చంకలో పెట్టుకుని లేచాడు.

"ఈ మాట మరి నా దగ్గర ఎత్తకు," అన్నాడు.

ఇప్పుడు పోలిరాజు బోటులో బోడి పలకే ఉంది. వీరన్న తాగి బోటు ముంచాడని హార్బరులో ఇంకా చెప్పుకుంటూనే ఉన్నారు. కొత్తగా చేరిన కలాసీలు నిజమేనా అని అడిగితే పోలిరాజు ఔననడు, కాదనీ అనడు.