గీత దాటిన దేశం

ఆ ఉదయం నర్సు టీకాల గది తలుపు తీయలేదు.

తీసి చేసేదేమీ లేదు. ఫ్రిజ్ ఖాళీ.

వరండాలో తల్లులు చంటిపిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. తలసరి జాతీయాదాయం ఏటేటా పెరిగి, దేశం పేదరికపు గీత దాటేసిందట. అందుకని ఇన్నాళ్లూ టీకాలు ఉచితంగా ఇచ్చిన విదేశీ సంస్థ ఇక పంపదట. నర్సు అందరికీ ఈ మాటే చెప్పి ఇళ్లకు పంపుతోంది.

"బాగుపడింది ఎవరు సిస్టర్?" అంది ఒక తల్లి. "మా వీధిలో అయితే ఎవరూ లేరు."

బెంచీ చివర ఒకావిడ కూర్చుని ఉంది. వయసు యాభై దాటి ఉంటుంది. ఒళ్లో బిడ్డ లేదు. పక్కనున్న తల్లుల్ని ఏవేవో అడుగుతోంది.

నర్సు ఆవిడ దగ్గరికి వెళ్లి ఎవరు మీరని అడిగింది. గణాంకాల శాఖ మనిషినని ఆవిడ చెప్పింది.

నర్సుకు ఒళ్లు మండింది.

"అయితే మా కొంప ముంచింది మీరేనన్నమాట."

ఆవిడ తల దించుకోలేదు. కోపం తెచ్చుకోనూ లేదు.

"ఆ లెక్క తప్పు సిస్టర్. మన గనుల లాభాలన్నీ బయటి కంపెనీలు వాళ్ల దేశాలకు పట్టుకుపోతాయి. పోయిన డబ్బును కూడా మన ఆదాయమే అని వేసుకున్నారు."

"తప్పని తెలిసి ఎందుకు వేశారు?"

ఆవిడ ఏదో చెప్పబోయింది. నర్సు చెప్పనివ్వలేదు. వరండాలోని పిల్లల్ని చూపించి, వీళ్లలో ఒక్కరికి ఏమైనా ఆ పాపం మీదేనంది.

ఆవిడ అంతా విన్నాక, మర్నాడు ఆ టీకాల సంస్థ కమిటీ రాజధానిలో సమావేశమవుతోందనీ, తనతో రమ్మనీ అడిగింది.

"లెక్క సంగతి నేను చెప్తాను. పిల్లల సంగతి మీరు చెప్తే వింటారు."

నర్సు రానంది. శాఖ చేసిన తప్పుకు తనను అడ్డం పెట్టుకోవాలని చూస్తున్నారంది.

"మీ మురికి మీరే కడుక్కోండి. ఇంకోసారి ఈ గుమ్మం తొక్కకండి."

తల్లులంతా చూస్తూ ఉండిపోయారు. ఆవిడ లేచి నిలబడింది.

"సరే, ఒక్కదాన్నే వెళ్తాను. వాళ్లు వినేదాకా మాత్రం అక్కణ్ణుంచి కదలను."

నర్సు వెటకారంగా నవ్వింది.

మరుసటి నెల టీకాల వ్యాను వచ్చింది. వెంట ఆ సంస్థ డాక్టరు కూడా వచ్చాడు. లెక్కలు మళ్లీ తేల్చేదాకా టీకాలు ఉచితంగానే ఇస్తామన్నాడు. కమిటీ ముందు ఒకావిడ పట్టుబట్టి కూర్చుందట. మంత్రి మనుషులు బయటికి పొమ్మన్నా కదల్లేదట. ఈ వరండా గురించి, ఇక్కడి తల్లుల గురించి పూసగుచ్చినట్టు చెప్పిందట. సాయంత్రానికి కమిటీయే దిగివచ్చింది. ఆవిడ ఆ భవనం మెట్లు దిగుతుండగానే పోలీసులు తీసుకెళ్లిపోయారు. ఎక్కడ పెట్టారో ఇప్పటికీ తెలియదు.

నర్సు చేతిలోని పెట్టె కింద పెట్టేసింది.

"సొంత శాఖ లెక్కనే తప్పన్నారా? ఉద్యోగం పోతుందని భయపడలేదా?"

"ఇంకెక్కడి ఉద్యోగం సిస్టర్?" అన్నాడు డాక్టరు. "ఆ శాఖకు అధిపతి ఆవిడే. ఆ లెక్క మీద సంతకం పెట్టనన్నందుకు, మీ దగ్గరికి రాకముందే ఆవిణ్ణి తీసేశారు."