ఎవరి రక్తమో

"బుగ్గల్లోకి రంగొచ్చేసిందే!" అంటూ ఆ పెద్దమనిషి ఆసుపత్రి వార్డు గుమ్మంలోంచి తొంగి చూశాడు.

తల్లికి ఒళ్ళు మండింది. విసురుగా లేచి తెర లాగేసింది.

మంచం మీద ఎనిమిదేళ్ళ కూతురు, చేతికి రక్తం గొట్టం. దాని ఒంట్లో రక్తం నిలవదు. నెలనెలా ఎక్కిస్తేనే బతుకు.

"పాపం, అంకుల్ మంచాడే అమ్మా."

"మంచాడో, మాయగాడో! వార్డులో ఎవరికీ ఏమీ కాడు. అప్పుడప్పుడూ ఊడిపడి దిష్టి పెట్టి పోతాడు."

అంతలో డాక్టరమ్మ తల్లిని వరండాలోకి పిలిచింది.

"పాప గుండెలో ఇనుము పేరుకుంటోందమ్మా. ఇంక ఆలస్యం చేయకూడదు."

"ఇనుమేంటండీ? నేనేం తినిపించానని?"

"తిండి వల్ల కాదు. ఎక్కించే రక్తంతోనే వస్తుంది. దానంతటది బయటికి పోదు. అలాగని రక్తం ఆపలేం. రోజూ పొట్ట దగ్గర సూది గుచ్చి, చిన్న పంపుతో గంటల తరబడి మందు ఎక్కించాలి. లేదంటే మాత్రలు. వాటికి కిడ్నీలు తట్టుకోవాలి. ఏదైనా ఏళ్ళ తరబడి సాగాల్సిందే. ఆలోచించుకుని చెప్పండి."

ఆలోచించుకోవాలట! ముందు నుయ్యి, వెనక గొయ్యి. పిల్ల సూది చూస్తేనే బిగుసుకుపోతుంది. మాత్రలేస్తే కిడ్నీలేమవుతాయోనని తల్లి భయం. గోడకి చేరగిలబడి భోరుమంది.

"ఆ ఇనుము... రక్తంతోనే వచ్చిందా?"

ఆ పెద్దమనిషే. ఇంకా అక్కడే ఉన్నాడు. అంతా విన్నట్టున్నాడు.

"మరెక్కడినుంచి వస్తుంది? ఏ పాపిష్టివాడిచ్చాడో ఆ రక్తం! వాడి చేతులు పడిపోను! బంగారంలాంటి పిల్లకి విషం ఎక్కించాడు!"

ఆయన తల దించుకుని మెట్లు దిగిపోయాడు.

'పీడా పోయింది' అనుకుందామె.

చివరికి పంపే ఖాయం చేసుకుంది. పిల్ల మొదట్లో ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. దాని కాళ్ళు ఒడిలో అదిమిపెట్టి సూది గుచ్చుతూ తల్లీ ఏడ్చింది. రానురాను పిల్లే "ఇవాళ ఇటువైపమ్మా" అని చొక్కా ఎత్తసాగింది. ఇనుము కాస్త దిగిందన్నారు. తల్లికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

ఆ మరుసటిసారి ఆసుపత్రికి వెళ్తే రక్తం లేదన్నారు.

పిల్ల తెల్లగా పాలిపోయి ఆయాసపడుతోంది.

"లేకపోవడమేంటమ్మా? చచ్చిపోతుంది నా పిల్ల!" తల్లి నర్సు రెండు చేతులూ పట్టేసుకుంది.

"మీ పాపకి అందరి రక్తమూ పడదు కదమ్మా. ఊరంతా గాలిస్తే దొరికింది ముగ్గురే. ఇద్దరు ఈమధ్యే ఇచ్చారు, వాళ్ళ దగ్గర మళ్ళీ తీయకూడదు. ఈసారి వంతు మూడో ఆయనది."

"ఇల్లెక్కడో చెప్పు తల్లీ, కాళ్ళ మీద పడతాను."

"ఇల్లు ఖాళీ చేసేశాడు. ఫోనూ పలకడం లేదు."

"ఇన్నాళ్ళూ ఇచ్చినవాడికి ఇప్పుడేమొచ్చింది?"

నర్సు ఆమె మొహంలోకి చూడలేకపోయింది.

"కాదని ఎంత చెప్పినా వినలేదమ్మా. 'నా రక్తమే ఆ పసిదానికి విషమైందట, ఇంక నన్ను పిలవకండి' అని, ఆ రోజు మీ వార్డు మెట్లు దిగొచ్చి, ఏడ్చి వెళ్ళిపోయాడు."