చెవి గుర్తు

"సంతకం పెట్టు" అంటూ ఆఫీసు యజమాని మహేశ్వర్ స్టాంపు కాగితాన్ని బల్ల మీద ముందుకు తోశాడు.

నవీన్ చదివాడు. 'వడ్ల లారీలు తూచే ఈ ధర్మకాంటా సాఫ్ట్‌వేర్‌లో ప్రతి అక్షరమూ నేనే స్వయంగా రాశాను. ఇతరులది ఏదీ లేదు.'

"సార్, సగానికి పైన నెట్‌ల దొరికిందే గద. కౌసల్య అని ఎవరో రాసి పెట్టిన్రు. ఎవరన్న వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు, పేరు మాత్రం తియ్యొద్దు, మార్చిన కోడ్ దాచొద్దు అని లైసెన్సుల ఉన్నది."

"అందుకే గద నిన్న పేర్లన్ని తియ్యమన్న. తీసినవా లేదా?"

"తీసిన." నవీన్ తల వంచుకున్నాడు. "మా గొర్లు కాసెటోళ్లల్ల, ఎవరిదో తెల్వనీకి గొర్రె చెవికి కోసిన గుర్తు మార్చినోన్ని మనిషిగ సూడరు సార్."

"ఇవి గొర్లు గావు. మిర్యాలగూడ మిల్లోళ్లు చెక్ చేయనీకి పంపిన మేడం కోదాడ నుంచి బయలెల్లింది. సంతకం పెడతవా, ఇంటికి పోయి గొర్లు కాస్తవా?"

సూర్యాపేటలో అతని చదువుకు తగ్గ ఉద్యోగం ఇచ్చింది ఈ ఒక్క ఆఫీసే. దానికోసం రెండేళ్లు తిరిగాడు. పాడు సంతకం, పెట్టేశాడు.

మేడం పదకొండింటికి వచ్చింది. నెరిసిన జుట్టు, భుజాన లాప్‌టాప్ సంచి. కాగితం చదివి పక్కన పెట్టి, సీడీ వేసి ఫైళ్లు ఒక్కొక్కటే తెరవసాగింది. నవీన్ తెర వైపు చూస్తూ ఫైళ్లు లెక్కపెడుతున్నాడు. ఎందుకంటే అరవై మూడు ఫైళ్లలో అతను పేరు తీసింది అరవై రెండింట్లోనే. చివరిదాని దగ్గర చెయ్యి రాలేదు.

ఆమె సరిగ్గా అక్కడే ఆగింది. "ఈ కౌసల్య ఎవరండీ?"

మహేశ్వర్ ముఖం మాడిపోయింది. మరుక్షణమే వేలు నవీన్ వైపు తిరిగింది. "వీడే మేడం! ఎక్కడి నుంచో ఎత్తుకొచ్చి నేనే రాసిన అన్నడు. సూడుండ్రి, సంతకం వీనిదే. మా కంపెనీకి ఏం సంబంధం లేదు."

నిజమే. కాగితం మీద ఉన్నది ఒక్కడి సంతకమే. ఎంత తెలివిగా ఇరికించాడో నవీన్‌కు అప్పుడు అర్థమైంది. ఏడుపొచ్చింది.

"అన్నిట్లో తీసేసినవాడివి, ఈ ఒక్కటీ ఎందుకు వదిలావు బాబూ?" అని అడిగిందామె.

"అన్ని చెవులూ కొయ్యబుద్ధి గాలే మేడం. అసలోళ్లు ఎప్పుడన్న వస్తే, ఆనవాలు పట్టుకోనీకి ఒక్కటన్న ఉండాలె గద."

మేడం ఆ స్టాంపు కాగితాన్ని రెండు ముక్కలుగా చింపి మహేశ్వర్ ముందు పెట్టింది.

"పట్టుకున్నాను బాబూ. ఆ కౌసల్యను నేనే."