పాత ప్రోగ్రాం మనిషి

కంపెనీ లెక్కల ప్రోగ్రాం కొత్తగా రాయడానికి కాంట్రాక్టు మీద ఒక అమ్మాయిని పిలిపించింది యజమానురాలు. ఆ అమ్మాయి పాత కంప్యూటరు ముందు కూర్చుంటే, వెనకాల ముసలి అకౌంటెంటు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. అంతకుముందు వచ్చినవాళ్ళంతా ఆ ప్రోగ్రాం చూసి, ఓ దండం పెట్టి వెళ్ళిపోయారు.

"ఇందులో తప్పులు చాలా ఉన్నట్టున్నాయే?" అంది అమ్మాయి.

"అబ్బే, లేవమ్మా. బంగారంలాంటి ప్రోగ్రాం," అన్నాడాయన గాభరాగా.

యజమానురాలికి జాలేసింది. తండ్రి హయాం నుంచీ ఉన్న మనిషి. పక్కకు పిలిచి, "కంగారుపడకండి బాబాయ్. కొత్తది వచ్చినా మీ కుర్చీ మీదే. మిమ్మల్ని ఎక్కడికీ పంపను," అంది.

ఆయన ముఖం ఇంకా పాలిపోయింది.

ఇంతలో అమ్మాయి లేచి వచ్చింది. "అంతా చిక్కుముడిగా ఉందండీ. అయినా చేస్తాను. ఎవరు కూర్చున్నా నడిపేలా రాసిస్తాను."

అకౌంటెంటు దొరికిన కుర్చీలో కూలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఉద్యోగం పోతుందని కాదమ్మా నా భయం. రిటైరవుతానన్నప్పుడల్లా, నువ్వు పోతే దీన్నెవరు నడుపుతారని మీ నాన్నగారు ఆపేశారు. తర్వాత నువ్వూ అదే మాటన్నావు. ఈ అమ్మాయి కూడా పారిపోతుందేమోనని హడలిపోయాను. ఇకనైనా నన్ను ఇంటికి పంపు తల్లీ."