‘ఉంది’ అని రాసినాయన

పోలీస్ స్టేషన్ గోడ మీద కొత్త కాగితం అంటించారు.

స్టేషన్‌లో పనిచేసే ప్రతి ఒక్కరూ తమకు ఏదైనా సోదర సంఘంలో సభ్యత్వం ఉందో లేదో రాసి, వచ్చేపోయేవాళ్ళందరికీ కనబడేలా పెట్టాలని పైనుంచి ఉత్తర్వు.

పదకొండు పేర్లు. పదింటి ఎదుట ‘లేదు’. ఒక్కదాని ఎదుట ‘ఉంది’.

టైలరమ్మ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. కూడా వచ్చిన పిన్ని మూడోసారి పైకి చదివింది.

“చూశావా? మనవాడి కేసు చూస్తున్నది ఆయనే, ఆ పొడుగాయన! ఇంకేం, కేసు అటకెక్కినట్టే.”

టైలరమ్మ ఆ పేరు మీద వేలు పెట్టి మళ్ళీ చూసింది.

తొమ్మిది రోజుల కిందట ఆమె తమ్ముడు సైకిలు మీద పనికి వెళ్తుంటే ఒక నల్ల కారు గుద్ది, ఆగకుండా పోయింది. అతను అక్కడికక్కడే ప్రాణం వదిలాడు. కరెంటు పనులు చేసుకునేవాడు. ఆమెకున్న తోబుట్టువు అతనొక్కడే. కారు నంబరు ఎవరూ చూడలేదు. వెనక అద్దం మీద సంఘం గుర్తు మాత్రం కూరగాయల బండావిడ కళ్ళారా చూసింది.

ఊళ్ళో ఉన్న సోదర సంఘం అదొక్కటే. దాని సంగతి తెలియనివాళ్ళు లేరు. తలుపులు వేసుకుని సమావేశాలు పెట్టుకుంటారు. ఒకరినొకరు ‘అన్నా, తమ్ముడూ’ అని పిలుచుకుంటారు. ఒకరికి కష్టమొస్తే పదిమంది వచ్చి వాలిపోతారు. తప్పు ఎవరిదని అడిగే అలవాటు మాత్రం వాళ్ళకు లేదని జనం అనుకుంటారు.

ఇద్దరూ నేరుగా పెద్దాఫీసరు గదికి వెళ్ళి, కేసు మరొకరికి ఇమ్మని దరఖాస్తు రాసిచ్చారు.

పెద్దాఫీసరు పొడుగాయన్ని పిలిపించాడు. యాభై దాటిన మనిషి. గుమ్మాల దగ్గర తలవంచి వంచి మెడ కాస్త ముందుకు వంగిపోయింది. దరఖాస్తు చదివి, మడిచి, బల్ల మీద పెట్టాడు.

“అడగడంలో తప్పేం లేదమ్మా. మీ స్థానంలో ఉంటే నేనూ అడుగుతాను.”

“మరి ఎందుకు చేరారండీ ఆ సంఘంలో?”

“ఇరవై రెండేళ్ళయింది. అప్పట్లో ఆసుపత్రిలో ఎవరికి రక్తం కావాలన్నా మేమే పరిగెత్తేవాళ్ళం.”

“ఇప్పుడో?”

“ఇప్పుడూ సభ్యుణ్ణే. ఉన్నదాన్ని లేదని ఎలా రాయను?”

గొంతు తగ్గించి అన్నాడు.

“రేపటి దాకా ఆగుతారా?”

“ఎందుకట?”

“కేసు విషయాలు బయటికి చెప్పకూడదమ్మా.”

టైలరమ్మకు ఒళ్ళు మండిపోయింది.

“రేపటికల్లా మీవాళ్ళందరికీ కబురు చేరిపోతుంది! మీకు అన్నదమ్ములు బోలెడుమంది సార్. నాకు ఒక్కడే. వాడూ పోయాడు.”

ఆయన ఫైలు తెచ్చి పెద్దాఫీసరు చేతికిచ్చి వెళ్ళిపోయాడు. పెద్దాఫీసరు దాన్ని విప్పనైనా విప్పలేదు.

ఆ సాయంత్రమే కేసు ‘లేదు’ అని రాసిన మరో ఇన్‌స్పెక్టరుకు మారింది. మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు, మంచినీళ్ళు ఇప్పించాడు.

“మనిషంటే అలా ఉండాలి!” అని పిన్ని పొంగిపోయింది.

తర్వాత వారం వారం వెళ్ళినా మంచినీళ్ళకు లోటు రాలేదు.

“ఆ గుర్తున్న కార్లు ఊళ్ళో వందలున్నాయమ్మా. ఏదని పట్టుకోమంటారు?”

నిజానికి ఆయన కాగితంలో అబద్ధం రాయలేదు. ఏ సంఘంలోనూ ఆయన లేడు. సంఘం వాళ్ళంటే భయం మాత్రం నిండా ఉంది. అది రాయడానికి ఆ కాగితంలో గడి లేదు.

నాలుగు నెలలకు పిన్ని ఒక కబురు మోసుకొచ్చింది.

“ఆ పొడుగాయన పోయాడట. ఎక్కడో మారుమూలకు బదిలీ చేశారట. అక్కడ డ్యూటీలోనే గుండె ఆగిందట.”

టైలరమ్మ మిషన్ ఆపలేదు.

“అన్నదమ్ములంతా వచ్చి మోసే ఉంటార్లే.”

“ఎక్కడ! సంఘం వాళ్ళు ఒక్కరూ గడప తొక్కలేదట.”

ఎందుకు తొక్కలేదని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

ఏడో నెలలో ఇంటికి కాగితం వచ్చింది. గుద్దిన వాహనం ఏదో తెలియలేదు కాబట్టి కేసు మూసేస్తున్నారట.

టైలరమ్మ ఏడుస్తూ లాయరమ్మ దగ్గరికి పరిగెత్తింది. లాయరమ్మ కోర్టులో అడిగి ఫైలు నకలు తీయించింది. పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగింది.

“తెలియకపోవడమేంటి? కారు నంబరు ఇక్కడే ఉంది. సంఘం అధ్యక్షుడిది!”

“ఎప్పుడు రాశారండీ అది?”

“మీరు దరఖాస్తు పెట్టిన రోజు పొద్దున. మర్నాడు ఎనిమిదింటికి కారు పట్టుకుని, ఆయన్ని అరెస్టు చెయ్యాలని కూడా ఉంది.”

లాయరమ్మ రిజిస్ట్రేషన్ ఆఫీసుకు ఫోన్ చేసింది. ఆ కారు ఎప్పుడో తుక్కు కింద పోయిందన్నారు.

టైలరమ్మ అరచేతుల్లో ముఖం దాచుకుంది. “నా చేతులారా నేనే చేసుకున్నాను” అంది.

“ఆగండాగండి. ఒక సాక్షి ఉన్నాడు” అంది లాయరమ్మ. “మీ తమ్ముణ్ణి గుద్దిన రోజే సంఘం హాలు వెనక, లైటు పగిలి రక్తం మరకలతో ఉన్న ఆ కారును కళ్ళారా చూశాడట. తనూ సంఘం సభ్యుడే అయినా కోర్టుకొచ్చి చెబుతానని రాసిచ్చాడు. ఈ ఒక్క మనిషి వచ్చి నిలబడితే చాలు, కేసు నిలబడుతుంది.”

“ఎక్కడుంటాడండీ ఆయన? ఇప్పుడే వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను!”

లాయరమ్మ కాగితాన్ని ఆమె వైపు తిప్పి చూపించిన చోట, సాక్షి అన్న మాట కింద, ఆమె దరఖాస్తు పెట్టి కేసులోంచి తీయించిన పొడుగాయన పేరూ సంతకమూ ఉన్నాయి.