కాజీపేట దాకా

కల్యాణ్‌లో బండి ఎక్కీ ఎక్కగానే సమ్మమ్మకు చీవాట్లు పడ్డాయి.

"చెప్పులిప్పి సంచిల పెట్టు. కాళ్లకుంటే కాళ్లు వాస్తయి, కిందుంటే చెప్పులు పోతయి."

తిట్టింది ఎదుటి సీటు ఆడమనిషి. నలభైకి అటూ ఇటూ ఉంటాయి. పక్కన జంపఖానాల మూట. వరంగల్ కొత్తవాడలో ఇంట్లో నేసినవి తెచ్చి బొంబాయి ఎగ్జిబిషన్లలో అమ్ముతుందట. ఏడాదికి నాలుగుసార్లు ఇదే బండి. అందుకే ప్రయాణానికి ఆవిడ దగ్గర బోలెడు రూల్సున్నాయి.

ఇంజను దిక్కు మొహం పెట్టి కూచోవద్దు, కళ్లలో బొగ్గు పడుతుంది. కడుపునిండా తినొద్దు, గుప్పెడు అటుకులు చాలు. గంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యాలి, లేకపోతే నడుం పట్టేస్తుంది.

"ఇంకోటి. బండ్ల కలిసినోళ్ల పేరడగద్దు. పేరు తెలిస్తే దిగేటప్పుడు పానం గుంజుతది."

"మరి నిన్నేమని పిలువాలె?"

"అక్కా అను. పిల్లనిట్ల తే."

మూటలోంచి కొత్త జంపఖానా లాగి, నాలుగు మడతలు వేసి, నాలుగేళ్ల శకుంతలను దానిమీద పడుకోబెట్టింది. అమ్ముకోవాల్సిన సరుకది! ఆర్నెల్లుగా ఒక్క మంచిమాట వినని మనిషాయె, సమ్మమ్మ కడుపులో ఉన్నదంతా చెప్పేసింది.

పుట్టిందీ పెరిగిందీ భీవండిలోనే. పవర్‌లూమ్‌లో పనిచేసే వరంగల్ మనిషి, 'ఊర్లో నాకెవరూ లేరు, పెళ్లి కాలేదు' అంటే నమ్మి గుళ్లో తాళి కట్టించుకుంది. ఆర్నెల్ల కింద, కొత్తవాడలో పాత ఇల్లు అమ్మేసి పది రోజుల్లో వస్తానని వెళ్లాడు. ఉత్తరం లేదు, మనిషీ లేడు. అందుకే పిల్లనెత్తుకుని కొత్తవాడకు బయల్దేరింది.

"పిల్లకు తండ్రెవడంటే ఎవర్ని చూపియ్యాలె అక్కా? నన్ను చూసి పారిపోతే ఏం జెయ్యాలె?"

"దొంగసచ్చినోడు! యాడికి పోతడు? నిన్ను వాని గడప దాక నేను తోల్కపోత. ఫికర్ చెయ్యకు."

"నిజంగనా?"

"నా మాట మాటే."

"మీ ఆయన ఏమనడా?"

"మా ఇంటాయన అసొంటోడు గాదు. ముందుగాల దేశాలు తిరిగిండు గని, ఇప్పుడు మగ్గం దిగడు." అలా చెబుతుంటే ఆవిడ మొహం వెలిగిపోయింది.

సమ్మమ్మకు కాస్త కుళ్లు కూడా పుట్టింది.

దారి పొడుగునా మొగుళ్ల ముచ్చట్లే. అయినా ఇద్దరి నోటా ఒక్కసారి కూడా పేరు రాలేదు. మొగుడి పేరు నోటితో అంటే వాడి ఆయుష్షు తరుగుతుందని చెప్పి పెంచిన ఇళ్లాయె!

సికింద్రాబాద్‌లో బండి మారారు. జనగామ దాటాక అక్కే అడిగింది.

"ఇల్లు దొరకాలంటే పేరు కావాలె గదా. మీ ఆయన పేరేంది?"

సమ్మమ్మ సిగ్గుపడి కూతుర్ని వేలితో పొడిచింది. "నాయిన పేరు చెప్పు బిడ్డా."

"ఆడెపు వెంకట్రాజం," అంది శకుంతల, బళ్లో పాఠం అప్పజెప్పినట్టు.

అక్క అటుకుల సంచి మూతి కట్టింది. విప్పింది. మళ్లీ కట్టింది.

"నీకెరికేనా అక్కా?"

"కొత్తవాడల శానమంది ఉంటరు."

ఘన్‌పూర్‌లో అక్క లేచి శకుంతల మొహం కడిగింది. సమ్మమ్మను ముందు కూచోబెట్టుకుని తల దువ్వి జడ వేసింది. ఊరు రాకముందే తయారుగా ఉండాలట, అదీ ఒక రూలే. దువ్వెన గట్టిగా లాగితే సమ్మమ్మ "అబ్బా" అంది.

కాజీపేటలో బండి ఆగింది.

"నీళ్లు పట్టుకొస్త," అంటూ అక్క మూటతో సహా దిగింది.

నీళ్లకు మూటెందుకో సమ్మమ్మకు తట్టనే లేదు. బండి కదిలింది. అక్క ప్లాట్‌ఫారం మీదే నిలబడి ఉంది.

"అక్కా! బండి పోతాంది, అక్కా!"

ఆవిడ అటు తిరిగి నడిచి వెళ్లిపోయింది.

సమ్మమ్మ ఒళ్లు భగ్గుమంది. మొగుడు మోసం చేశాడు సరే, ఇదీ మోసమేనా? తల దువ్వి, జడ వేసి మరీనా? పేరు వినగానే జారుకుందంటే వాడి మనిషే అయ్యుంటుంది. ఈపాటికి కబురు పంపేసి ఉంటుంది, వాడు గోడ దూకి ఉంటాడు. దానిముందు కూచుని గుండె విప్పుకున్నందుకు తన్ను తానే తిట్టుకుంది. వరంగల్ స్టేషన్ నుంచి రిక్షాలో కొత్తవాడ చేరేదాకా ఏడుస్తూనే ఉంది.

శకుంతల చేత పేరు చెప్పించి ఇల్లు కనుక్కుంది. ఆ ఇంటి ముందు అప్పటికే జనం మూగి ఉన్నారు.

చేనేత సంఘం పెద్ద సిద్దిరాములు ఎదురొచ్చాడు. "భీవండి నుంచి వచ్చినామెవు నువ్వేనా బిడ్డా?"

"మీకెట్ల తెలుసు? అదే చెప్పిందా?"

"కాజీపేట నుంచి సంఘం ఆఫీసుకు ఫోన్ చేసింది."

"ఎందుకు, వాణ్ని పారిపొమ్మననీకా?"

పెద్దాయన తలుపు తోశాడు. లోపల మగ్గం పక్కన, ఇద్దరు మనుషుల నడుమ వెంకట్రాజం తల వంచుకుని కూచున్నాడు.

"నువ్వొచ్చేదాక వాణ్ని కదలనియ్యద్దన్నది. తల్లీబిడ్డను ఇంట్లకు తోల్కపొమ్మన్నది. తను వర్ధన్నపేటల అన్న దగ్గరికి పోతదట. ఇగ రాదట."

సమ్మమ్మ అడిగింది.

"ఎవలామె? ఈయనకు చుట్టమా?"

"మొగిలమ్మ. పదహారేండ్ల కింద ఈ గడప తొక్కిన వెంకట్రాజం పెండ్లం," అన్నాడు సిద్దిరాములు.