మాటరాయి

ఒకానొక మడుగు మధ్యలో మాటరాయి ఉండేది. ఎండలు ముదిరితే ఎక్కడికి వలసపోవాలో మగబాతులే దానిమీదెక్కి తేల్చేవి. ఆడబాతు ఎక్కితే మడుగు ఎండిపోతుందట! ఎక్కని ఏళ్లలోనూ ఎండింది, అది వేరే సంగతి.

ఆ ఏడు తామరకుంటకు పోదామన్నాయి. ఆ మాట చుక్కి అనే ఆడబాతు చెవిన పడింది. అక్కడ పొంచి ఉన్న నక్కను అది నిన్ననే చూసింది. వెనకాల చూస్తే తన పసిపిల్లలు.

"నేనెక్కి చెప్తానమ్మా," అంది పక్కనున్న తల్లితో.

"వద్దే తల్లీ! మీ అమ్మమ్మ ఎక్కితే కాళ్లు పట్టి ఈడ్చేశారు," అని తల్లి రెక్క అడ్డం పెట్టింది.

చుక్కి ఎక్కేసింది. "దిగు!" అంటూ మగబాతులు ముసురుకున్నాయి. కాళ్లకింద రాతిమీద గోళ్ల గీతలు కనిపించాయి.

"అమ్మా, ఇవి అమ్మమ్మవా?"

"మాసిపోయినవి అమ్మమ్మవి," అంది తల్లి. "లోతుగా ఉన్నవి నావి. గట్టిగా పట్టుకోవే!"